కెమెరా అంగడాయనది, పాస్‌వర్డు బిగించినాయనది

గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి. పరీక్ష గదిలో ఆడవాళ్ళ దృశ్యాలు 2025 ఫిబ్రవరిలో యూట్యూబ్‌లోకి, టెలిగ్రామ్‌లోకి వచ్చినాయి. డబ్బు కట్టినవాళ్ళకు అమ్మినారు కూడా. పోలీసులు తవ్వేకొద్దీ ఆ ఒక్క ఆసుపత్రే కాదని, దేశంలో ఇంకా చాలాచోట్ల కెమెరాల్లోకి ఇట్లాగే దూరినారని బయటపడింది. ఆ ఆసుపత్రి కెమెరాల పాస్‌వర్డు "అడ్మిన్123" అని తర్వాత పత్రికలు రాసినాయి.

ఈ వార్త మా ప్రొద్దుటూరు వ్యాపారుల వాట్సాప్ గ్రూపులోకి వచ్చిన రోజు, కింద పడిన మెసేజీలన్నీ ఇంచుమించు ఒకే పాట. "అడ్మిన్123 పెట్టుకున్నోనికి బుద్ధుండాల." "డాక్టర్లు, ఇంత చదువుకున్నోళ్ళు, ఆ మాత్రం తెలీదా?" అసలు పరీక్ష గదిలో కెమెరా ఎందుకుందని ఒక్కరూ అడగలేదు. నన్నడిగితే పాస్‌వర్డు కంటే ముందు అడగాల్సింది అది. సరే, ఆ సంగతి పక్కన పెడతా. ఆ మెసేజీలు పెట్టిన కొందరి అంగళ్ళు నాకు బాగా తెలుసు. వాళ్ళ కెమెరా పెట్టెల పాస్‌వర్డులూ తెలుసు. వాళ్ళేమీ నాకు చెప్పలేదు. పెట్టె మీదే రాసుంటాయి.

నాది జీఎస్టీ లెక్కలు చూసే పని. నెలనెలా బట్టల అంగళ్ళు, స్టీలు సామాన్ల అంగళ్ళు, బంగారు అంగళ్ళు తిరుగుతుంటా. బిల్లులు ముందేసుకుని కూర్చునే మూల ఏ అంగట్లో అయినా ఒకటే. గల్లాపెట్టె వెనక, దేవుని పటాల కింద, డీవీఆర్ (కెమెరాల రికార్డు దాచే పెట్టె) పెట్టిన అలమర పక్కన. ఆయుధపూజ నాడు పెట్టిన పసుపు కుంకుమ ఆ పెట్టె మీద ఏడాదంతా ఉంటుంది. దాని పక్కనే స్కెచ్ పెన్నుతో రెండు వరసలు: పైన బిగించిన అబ్బాయి ఫోన్ నంబరు, కింద పాస్‌వర్డు.

అది చూసీ చూసీ నాకు ఒక అభిప్రాయం గట్టిపడింది. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డు మార్చుకోలేదని అంగడాయనను తిట్టడమంటే ఎవరినో తిట్టబోయి ఎవరినో తిట్టడం. ఆ పాస్‌వర్డు ఆయన చేతికి ఎన్నడూ రాలేదు. పెట్టె తయారుచేసినవాడికీ, దాన్ని గోడకు బిగించినవాడికీ మధ్యే అది ఉండిపోయింది. అప్పజెప్పని సొత్తుకు కాపలా ఎందుకు కాయలేదని ఆయనను నిలదీయడం ఏం న్యాయం?

కంపెనీది పోయి, వీధిది వచ్చింది

పాస్‌వర్డు మార్చుకోకపోవడం బుద్ధిలేనితనమే అనేవాళ్ళు మిరాయ్ కథ ఒకసారి వినాలి. 2016లో కెమెరాలను, డీవీఆర్‌లను, రౌటర్లను పట్టుకుని ఇంటర్నెట్టును అల్లాడించిన మాల్‌వేర్, అంటే హాని చేసే ప్రోగ్రాము అది. దాని ఆయుధం పెద్ద తెలివితేటలేమీ కాదు, 62 జతల యూజర్‌నేమ్-పాస్‌వర్డుల పట్టీ. అడ్మిన్-అడ్మిన్, రూట్-123456, రూట్-888888, సపోర్ట్-సపోర్ట్ వంటివి. ఇంటర్నెట్టంతా తిరుగుతూ, టెల్నెట్ (దూరం నుంచి పెట్టెను నడిపే పాత దారి) తెరిచి ఉన్న ప్రతి పెట్టె దగ్గరా ఆ పట్టీలోంచి కొన్నింటిని వేసి చూడటమే దాని పని.

ఆ పట్టీలో రూట్-ఎక్స్‌సీ3511 అనే జత ఒకటుంది. అది చైనాలోని షియాంగ్‌మై కంపెనీది. ఆ కంపెనీ లోపలి బోర్డులు చేసి అమ్మితే, వాటిని ఎంతోమంది తమ తమ పేర్లు వేసుకుని డీవీఆర్‌లుగా, కెమెరాలుగా అమ్ముకున్నారు. బయట పేరేదైనా లోపల సరుకు ఒకటే. యజమాని బుద్ధిగా బ్రౌజరు తెరిచి పాస్‌వర్డు మార్చుకున్నా, టెల్నెట్ దారికి ఉన్న ఆ పాస్‌వర్డు మాత్రం మారేది కాదు. దాన్ని మార్చే వీలే ఆయనకు ఇవ్వలేదు. చివరికి కంపెనీ అమెరికాలో అమ్మిన కొన్ని పరికరాలను వెనక్కి తీసుకుంటామని ప్రకటించాల్సి వచ్చింది. అక్కడ ఎవరి బుద్ధిని తప్పుపడతాం?

తర్వాత్తర్వాత పెద్ద కంపెనీలు దారికొచ్చినాయి, కాదనను. హిక్‌విజన్ కెమెరాలకు ఒకప్పుడు ప్రపంచమంతా 12345 పాస్‌వర్డు. 2015 నుంచి కొత్త పెట్టెకు కరెంటిచ్చిన వెంటనే "ముందు నీ పాస్‌వర్డు పెట్టు, తర్వాతే పని" అనే పద్ధతి వచ్చింది. మంచి మార్పే. అయితే ఆ స్క్రీను మా ఊర్లో ఎవరి ముందు తెరుచుకుంటుంది? నిచ్చెన దిగి, వైర్లు కలిపి, మౌసు పట్టుకున్న అబ్బాయి ముందు. అంగడాయన అప్పుడు గిరాకీలతో ఉంటాడు. అబ్బాయి తనకు అలవాటైన పాస్‌వర్డు కొడతాడు. ముందు వారం పక్క వీధిలో కొట్టిందీ అదే, వచ్చే వారం ఇంకో చోట కొట్టబోయేదీ అదే.

కెమెరాలు బిగించే ఒక అబ్బాయిని టీ అంగడి కాడ దీని గురించే అడిగినా. "అన్నిట్లోనూ ఒకటే ఎందుకు పెడతావబ్బీ?"

"ఇంకేం చేయమంటారు సార్? మీరే పెట్టుకోండి అంటే, నువ్వే ఏదో ఒకటి ఏసెయ్ బ్బీ అంటారు. పెట్టుకున్నోళ్ళు రెండో నాటికి మర్చిపోతారు. ఆర్నెల్లకు ఏదో పోతాది, పోలీసులొచ్చి ఫుటేజీ అడుగుతారు, రాత్రి పదకొండుకు నాకు ఫోను. పాత పెట్టెల మాదిరి ఇప్పుడు సులభంగా రీసెట్ కాదు సార్. స్క్రీను మీదొచ్చే కోడు కంపెనీకి పంపాల, వాళ్ళు తిరిగి పంపిందాకా కాచుకోవాల. దానికి నాకెవురూ రూపాయియ్యరు."

ఆ అబ్బాయి చెప్పిన దాంట్లో అబద్ధం ఏమీ లేదు. కెమెరాకింత అని మాట్లాడుకుని బిగిస్తాడు. ఆ తర్వాత ఏడాదంతా వచ్చే ఫోన్లన్నీ ఉచిత సేవ. ఒకటే పాస్‌వర్డు పెట్టుకోవడం అతని వైపు నుంచి చూస్తే సోమరితనం కాదు, ఆత్మరక్షణ. కంపెనీ భద్రత పెంచి రీసెట్ కష్టం చేసేకొద్దీ, ఒకే పాస్‌వర్డు వాడాలన్న ఒత్తిడి అతని మీద పెరిగింది. కంపెనీ డిఫాల్టును, అంటే పెట్టెతోపాటే వచ్చే పాస్‌వర్డును, పోగొట్టడానికి పెట్టిన నియమమే వీధి డిఫాల్టును పుట్టించింది. ఆ నియమం రాసిన ఇంజనీర్లకు ఇది తట్టి ఉండదు. వాళ్ళ లెక్కలో పెట్టె కొన్నవాడే పెట్టె తెరుస్తాడు.

రెండింట్లో ఏది మేలు? నాకు నిజంగానే తేల్చుకోవడం కష్టమైంది. కంపెనీ పాస్‌వర్డు బాట్‌ల (మిరాయ్ మాదిరి తమంతట తామే తలుపులు తడుతూ తిరిగే ప్రోగ్రాముల) పట్టీల్లో ఉంటుంది. మా కెమెరా అబ్బాయి పాస్‌వర్డు ఆ పట్టీల్లో ఉండకపోవచ్చు. దూరపు దొంగ లెక్కన చూస్తే వీధి డిఫాల్టే నయం. కానీ బంగారు అంగడాయనకు అసలు భయం ఎవరితో? గల్లా ఎప్పుడు తెరుస్తారో, సాయంత్రం సరుకు ఏ బీరువాలోకి పోతుందో తెలుసుకోవాలనే కోరిక విదేశాల్లో ఎవడికో ఉండదు, ఊర్లోనే ఉంటుంది. ఇక మా ఊర్లో కెమెరాలు బిగించేవాళ్ళు చాలామంది ఒకరి దగ్గర ఒకరు పని నేర్చుకున్నవాళ్ళే. నిచ్చెన పట్టుకోవడానికి వచ్చిన పిల్లోడు మూడేళ్ళ తర్వాత సొంతంగా అంగడి తెరుస్తాడు. గురువు గారి పాస్‌వర్డు అతనితోపాటే పోతుంది.

వెళ్ళిపోయిన పిల్లోడి ఫోన్లో

ఒక బట్టల అంగట్లో జరిగింది ఇది. రాత్రి అంగడి మూసి ఇంటికి పోయిన యజమానికి ఫోనొచ్చింది. "అన్నా, వెనక గోడౌన్లో ఫ్యాను తిరుగుతాంది, ఆపడం మర్చిపోయినట్టుండారు." చెప్పింది ఎవరంటే, అంతకుముందు ఆ అంగట్లో పనిచేసి, మానేసి, వేరే చోట చేరిన పిల్లోడు. అతని ఫోన్లో ఆ కెమెరాల యాప్ అట్లాగే ఉండిపోయింది. ఏమీ తోచనప్పుడు తెరిచి చూస్తుంటాడంట.

యజమాని ఆ సంగతి నాతో చెప్పిన తీరే నన్ను ఆశ్చర్యపరిచింది. మురిసిపోతూ చెప్పినాడు. "చూసినావా, మానేసినా మన అంగడి మీద ప్రేమ పోలేదు వానికి." ఆ పిల్లోడు మంచోడే, నాకూ తెలుసు. కానీ అంగడాయన ఇల్లు అంగడి పైనే. మెట్ల దగ్గర కూడా ఒక కెమెరా ఉంది. ఇంట్లో ఆడపిల్లలున్నారు. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది, ఎందుకంటే చెప్తే ఆయన ఆ పిల్లోన్ని అనుమానిస్తాడు. తప్పు పిల్లోడిది కాదు. పనిలో ఉన్నప్పుడు ఒకే అడ్మిన్ పాస్‌వర్డును అందరి ఫోన్లలోనూ వేసిపెట్టినారు. ఒకరు మానేస్తే ఒకరిని తీసేసే వీలు లేకుండా పోయింది. చివరికి "పాస్‌వర్డు ఒకసారి మార్పిస్తే మంచిదన్నా" అని మాత్రం అన్నా. ఆయన కెమెరా అబ్బాయికి ఫోన్ చేసినాడు. వస్తానన్నాడు. ఇంకా వస్తూనే ఉన్నాడు.

పంచుకున్న పాస్‌వర్డుకు ఉన్న జబ్బే ఇది. అది తెలిసినవాళ్ళ పేర్లు ఎక్కడా రాసి ఉండవు.

"చూస్తే చూడనీ, నాకేం పోతాది?"

ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలంటే, చాలాసార్లు ఏమీ పోదు. అదే దీంట్లో చిక్కు. మిరాయ్ ఉచ్చస్థితిలో ఉన్నప్పుడు దాని గుప్పిట్లో 6 లక్షల దాకా పరికరాలున్నాయి. వాటి యజమానుల్లో ఎంతమందికి తెలిసుంటుంది? కెమెరా మామూలుగానే పనిచేస్తుంది, రికార్డు మామూలుగానే అవుతుంది. అదే సమయంలో ఆ పెట్టె ఎక్కడో ఒక వెబ్‌సైటు మీదికి రాళ్ళు రువ్వే గుంపులో ఒకటై ఉంటుంది. 2016 సెప్టెంబరులో భద్రతా విషయాలు రాసే బ్రయాన్ క్రెబ్స్ అనే అమెరికా విలేకరి వెబ్‌సైటు మీదికి సెకనుకు 620 గిగాబిట్ల ట్రాఫిక్ వచ్చి పడింది. అక్టోబరు 21న డిన్ అనే డీఎన్ఎస్ కంపెనీ (వెబ్‌సైటు పేరు కొడితే దాని అడ్రసు చూపించేది) మీద పడితే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి అమెరికాలో గంటల తరబడి అందలేదు. మిరాయ్‌ను తయారుచేసిన ముగ్గురూ ఇరవై ఏళ్ళు అటూ ఇటూ ఉన్న కుర్రాళ్ళు. మొదట్లో వాళ్ళ గొడవంతా మైన్‌క్రాఫ్ట్ ఆట సర్వర్ల వ్యాపారం చుట్టూనే. 2017 డిసెంబరులో వాళ్ళు నేరం ఒప్పుకున్నట్టు బయటికొచ్చింది.

నష్టం ఒకరిది, పెట్టె ఇంకొకరిది. ప్రొద్దుటూరు అంగడాయనకు పాస్‌వర్డు మార్చుకోమని చెప్పడానికి నా దగ్గర డబ్బు లెక్క ఏమీ లేదు. "నీ పెట్టె వల్ల ఇంకెవరికో నష్టం" అంటే ఆయన తల ఊపి గిరాకీ వైపు తిరుగుతాడు. నేనైనా అంతే చేస్తానేమో. పెట్టెను ఒకసారి ఆపి వేస్తే మిరాయ్ పోతుంది కూడా, అది మెమరీలోనే ఉంటుంది కాబట్టి. పాస్‌వర్డు పాతదే ఉంటే కాసేపటికి మళ్ళీ వచ్చి చేరుతుంది. అది వేరే సంగతి.

నష్టం ఇంటికే వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. 2017 జూలైలో దక్షిణాదిలో, ముఖ్యంగా కర్ణాటకలో, బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మోడెములు పెద్ద సంఖ్యలో మొరాయించినాయి. డిఫాల్ట్ పాస్‌వర్డు మార్చని మోడెముల్లోకి దూరిన మాల్‌వేర్ పని అది. బ్రికర్‌బాట్ అనే ఆ రకం మాల్‌వేర్ పరికరాన్ని వాడుకోదు, పనికి రాకుండా చేసి పోతుంది. మిరాయ్ చేతిలో పడకముందే చంపేస్తే లోకానికి మేలని దాన్ని వదిలినవాడి వాదన. అది నాకు నచ్చదు. నెట్టు పోతే చెల్లింపులాగిపోయే చిన్న కొట్టాయన మీద చూపించే ప్రతాపమేంటది? అప్పుడు కూడా వచ్చిన సలహా ఒకటే: కస్టమర్లు పాస్‌వర్డు మార్చుకోవాలి. మోడెము పెట్టింది లైన్‌మాన్, సెట్ చేసింది లైన్‌మాన్, మార్చుకోవాల్సింది మాత్రం కస్టమరు.

బోరు దగ్గర కూడా

కెమెరాల దగ్గరే ఆగిపోతే ఇది అంగళ్ళ గొడవలాగా కనపడుతుంది. పులివెందుల వైపు మా చిన్నాయనకు చీనీ తోట ఉంది. బోరు మోటరుకు మొబైల్ స్టార్టరు పెట్టించినాడు. సిమ్ కార్డు వేసిన పెట్టె అది. ఇంట్లో కూర్చుని ఫోన్ కొట్టో, మెసేజీ పెట్టో మోటరు వేయొచ్చు, ఆపొచ్చు. రాత్రి పూట చీకట్లో పాములకు భయపడుతూ తోటకు పోయే బాధ తప్పింది. దాని విలువ పట్నంలో ఉండేవాళ్ళకు అర్థం కాదు. నేను దానికి వ్యతిరేకిని కాదు.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం, ఎవరూ వేయకుండానే మోటరు ఆడుతోంది. తేలిందేమంటే, అమ్మిన డీలరు వేరే ఊర్లో ఇంకో రైతుకు వాడకం చూపిస్తూ, ఫోన్లో పేరు తప్పు నొక్కినాడు. అన్ని పెట్టెలకూ మాస్టరు నంబరు (పెట్టె మాట వినే ఫోన్ నంబరు) ఆయనదే, అన్నిటికీ పాస్‌వర్డు 1234. అందుకే ఆ పొరపాటు ఏ అడ్డూ లేకుండా చెల్లిపోయింది. వేరే వేరే పాస్‌వర్డులుంటే "తప్పు" అని తిరిగి మెసేజీ వచ్చి ఆగేది. ఆ పూట బోర్లో నీళ్ళున్నాయి కాబట్టి సరిపోయింది. నీళ్ళు లేనప్పుడు ఆడి, కాపాడే రిలే కూడా పనిచేయకపోతే మోటరు కాలుతుంది. అంత లోతు నుంచి దాన్ని పైకి తీయించి, వైండింగు చేయించి, మళ్ళీ దించడమంటే ఆ కాపు మీద ఆశ సగం దాంట్లోనే పోతుంది.

"పాస్‌వర్డు మార్చుకో చిన్నాయనా" అంటే, "మారిస్తే ఆయప్ప వచ్చి రిపేరు చేయడు లేరా" అన్నాడు. నిజమే అయ్యుంటుంది. మార్చిన పెట్టెను "మీరు కెలికినారు, మాకు సంబంధం లేదు" అనే డీలర్లను నేనూ చూసినా.

ఇదంతా పల్లెటూరి వ్యవహారం అనుకునేవాళ్ళకు: 2023 నవంబరు 25న అమెరికాలోని పెన్సిల్వేనియాలో అలిక్విప్పా అనే ఊరి నీటి సరఫరా సంస్థలో, నీటి ఒత్తిడిని పెంచే ఒక పంపింగు స్టేషనును బయటివాళ్ళు పట్టుకున్నారు. అక్కడ పంపును నడిపే యూనిట్రానిక్స్ కంట్రోలరు ఇజ్రాయెల్‌లో తయారైంది. ఇరాన్‌తో సంబంధం ఉందని అమెరికా ప్రభుత్వం చెప్పిన ముఠా దాని స్క్రీను మీద తమ బెదిరింపు రాసిపెట్టింది. సిబ్బంది వెంటనే చేత్తో నడిపే పద్ధతికి మారడంతో నీళ్ళు ఆగలేదు. ఆ రకం కంట్రోలర్లకు కంపెనీ పెట్టి పంపే పాస్‌వర్డు 1111 అని, దాన్ని మార్చమని అమెరికా ప్రభుత్వం హెచ్చరిక జారీ చేసింది. మా చిన్నాయనది 1234, వాళ్ళది బహుశా ఆ 1111. ఇంజనీర్లు, బడ్జెట్లు, తనిఖీలు ఉన్న చోటే మార్చలేదంటే, చీనీ రైతును తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

పాస్‌వర్డు మారిస్తే అంతా సరిపోతుందా?

ఈ మధ్య నాతో వాదించిన ఒక మిత్రుడు ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే పనిలో ఉన్నాడు. అతను రెండు అభ్యంతరాలు చెప్పినాడు. రెండూ కొట్టిపారేయదగ్గవి కావు.

మొదటిది: మన దగ్గర చాలా నెట్ కంపెనీలు ఎంతోమంది కస్టమర్లకు కలిపి ఒకే పబ్లిక్ అడ్రసు (బయటి ఇంటర్నెట్టుకు కనపడే అడ్రసు) పంచుతాయి. బయటి బాట్ నేరుగా మా అంగడి డీవీఆర్ తలుపు తట్టలేదు. కాబట్టి మిరాయ్ కథలు చెప్పి జనాన్ని భయపెట్టొద్దు అంటాడు. కొంతవరకు నిజం. కానీ ఫోన్లో కెమెరా చూడాలని స్టాటిక్ ఐపీ (మారని సొంత అడ్రసు) కొని, రౌటర్లో పోర్టు (బయటి నుంచి లోపలికి దారి) తెరిపించుకున్న అంగళ్ళు ఉన్నాయి. అట్లా తెరవని చోట యాప్ పనిచేసేది కంపెనీ సర్వరు ద్వారా. దానికి కావలసింది పెట్టె మీద అంటించిన క్యూఆర్ కోడు, పాస్‌వర్డు. అంగట్లో నిలబడి సెల్ఫీ తీసుకునేవాడికి ఆ రెండూ ఒకే ఫోటోలో పడతాయి.

రెండోది: పాస్‌వర్డు ఎంత గట్టిదైనా లోపల సాఫ్ట్‌వేర్ లోపం ఉంటే ఏం ఉపయోగం? ఇదీ నిజమే. 2017లో హిక్‌విజన్ కెమెరాల్లో బయటపడిన ఒక లోపంతో పాస్‌వర్డు లేకుండానే లోపలికి పోవచ్చు. 2016 నవంబరులో జర్మనీలో డాయిష్ టెలికామ్ కస్టమర్లు 9 లక్షల మంది రౌటర్లు మూలపడినాయి. అక్కడ తప్పు పాస్‌వర్డుది కాదు, కంపెనీ నిర్వహణ కోసం తెరిచిపెట్టిన పోర్టుది. అందువల్ల పాస్‌వర్డు మార్చుకుంటే నిశ్చింత అని నేను అనను. అయితే సాఫ్ట్‌వేర్ లోపాన్ని పట్టుకోవడానికి తెలివి, సమయం కావాలి. అడ్మిన్123 కొట్టడానికి ఏమీ అక్కరలేదు. రాజ్‌కోట్‌లో దూరినవాళ్ళు మహా మేధావులేమీ కాదు.

చట్టం ఎంత దూరం వచ్చింది

బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి ఇంట్లో వాడే ఇంటర్నెట్ పరికరాలను అందరికీ ఒకే పాస్‌వర్డుతో అమ్మడం చట్టవిరుద్ధం. మీరితే జరిమానా కోటి పౌండ్ల దాకా, లేదా ప్రపంచవ్యాప్త ఆదాయంలో 4 శాతం దాకా. కాలిఫోర్నియాలో ఇట్లాంటి చట్టం 2020 జనవరి 1 నుంచే అమల్లో ఉంది. మన దేశంలో టెలికాం ఇంజనీరింగ్ సెంటర్ 2021లో ఇచ్చిన మార్గదర్శకాల్లో మొదటిదే "అందరికీ ఒకే డిఫాల్ట్ పాస్‌వర్డు వద్దు". కానీ అవి పాటించమని చెప్పేవే, పాటించకపోతే పట్టుకునేవి కావు. సీసీటీవీల విషయంలో మాత్రం 2025 ఏప్రిల్ 9 నుంచి గట్టి నియమం వచ్చింది. ప్రభుత్వం చెప్పిన భద్రతా పరీక్షలు ల్యాబులో దాటితేనే అమ్మకం. ఇప్పటికే గోడలకు వేలాడుతున్న కెమెరాలకు అది వర్తించదు. వాటిలో చాలా ఇంకో పదేళ్ళు వేలాడతాయి.

ఒక్కో పెట్టెకు ఒక్కో పాస్‌వర్డు స్టిక్కరు మీద అచ్చేసి ఇస్తే చాలనేవాళ్ళున్నారు. దాన్నీ చెడగొట్టొచ్చు. థామ్సన్ స్పీడ్‌టచ్ రౌటర్లకు కంపెనీ ఒక్కోదానికి ఒక్కో వైఫై పాస్‌వర్డు ఇచ్చేది. అయితే దాన్ని పరికరం సీరియల్ నంబరు నుంచి లెక్కగట్టి తీసేది, నెట్‌వర్కు పేరు కూడా ఆ లెక్కలోంచే వచ్చేది. పేరు చూసి పాస్‌వర్డు కనుక్కోవచ్చని 2008లో బయటపడింది.

నేను తిరిగే అంగళ్ళలో తూకం యంత్రాల మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉంటుంది. గడువు లోపల మళ్ళీ వేయించుకోవాలి. యంత్రం లోపల ఏం జరుగుతుందో అంగడాయనకు తెలియనక్కరలేదు, గిరాకీకి అసలే తెలియనక్కరలేదు. తెలిసినవాడు చూసి ముద్ర వేస్తాడు. కెమెరా విషయంలో చట్టం కంపెనీ గడప దగ్గరే ఆగింది. పెట్టె అట్ట డబ్బాలోంచి బయటికొచ్చి గోడ మీదికి ఎక్కే ఆ పూట గురించి ఎక్కడా ఒక్క మాట లేదు. జనం ఎక్కువగా వచ్చే చోట్ల కెమెరాలు తప్పనిసరి అని ఉమ్మడి రాష్ట్రంలో 2013లోనే చట్టం తెచ్చినారు. అంగళ్ళకు పోలీసులు వచ్చి కెమెరా ఉందా, రికార్డు ఎన్నిరోజులు ఉంటుంది అని అడగడం చూసినా. పాస్‌వర్డు ఎవరి దగ్గరుంది అని అడగడం చూడలేదు.

అట్లాగని కెమెరాలు బిగించేవాళ్ళకు లైసెన్సు పెట్టమంటారా అంటే నాకు జంకు. లైసెన్సు అనగానే ఇంకో ఆఫీసు, ఇంకో వాయిదా, ఇంకో చేయి తడపడం. పదివేల పెట్టుబడితో బతుకుతున్న పిల్లోళ్ళ మీదికి దాన్ని తోలడం నాకిష్టం లేదు.

నేను అడిగేది

చాలా చిన్నది. డీవీఆర్‌లో ఒకటికంటే ఎక్కువ ఖాతాలు పెట్టుకునే వీలు ఎప్పటి నుంచో ఉంది. అడ్మిన్ ఖాతా యజమాని పేరుతో, ఆయనే టైపు చేసిన పాస్‌వర్డుతో ఉండాలి. బిగించిన అబ్బాయికి వేరే ఖాతా, పనివాళ్ళకు చూడటానికి మాత్రమే పనికొచ్చే ఇంకో ఖాతా. ఎవరు పోతే వాళ్ళది తీసేస్తే సరి. ఈ పనికి పట్టేది టీ తాగినంత సేపు. ఆ సమయానికి డబ్బు తీసుకోమనే నేను అంటున్నా. ఉచితం కాబట్టే అది జరగడం లేదు.

పాస్‌వర్డు మర్చిపోతారు అంటారా, కాగితం మీద రాసుకోండి. ఈ మాట అంటే కంప్యూటర్ చదువుకున్నవాళ్ళు నొసలు ముడుస్తారు. ఆఫీసుల్లో కంప్యూటరు మీద అంటించే చీటీలకు వాళ్ళు చెప్పే అభ్యంతరం సరైందే. కానీ బీరువాలో, భూమి పత్రాల పక్కన పెట్టిన కాగితాన్ని ఏ బాట్ చదవలేదు. బీరువా దాకా వచ్చిన దొంగకు పాస్‌వర్డుతో పని లేదు. రాయకూడదంటే అంగడాయన గుర్తుండే పాస్‌వర్డే పెడతాడు. అది ఆయన పెద్దకొడుకు పేరే అయ్యుంటుంది. అంగడి పేరు కూడా అదే అయ్యుంటుంది. పెట్టె మీద స్కెచ్ పెన్నుతో మాత్రం వద్దు.

టీ అంగడి కాడ మాట్లాడిన అబ్బాయికి ఇదే చెప్పినా. బిల్లులో "పాస్‌వర్డు పెట్టించి అప్పజెప్పడం" అని ఒక వరస వేసి, రెండు వందలో మూడు వందలో రాసుకో, అంగడాయనతో సంతకం తీసుకో అని. అర్ధరాత్రి ఫోనొస్తే ఆ సంతకం చూపించొచ్చు, మళ్ళీ వచ్చినందుకు మళ్ళీ బిల్లు వేయొచ్చు. అతనికి ఆలోచన నచ్చినట్టే కనపడింది. కాసేపు లెక్కేసుకుని అడిగినాడు.

"దానికి జీఎస్టీ ఎంత పడతాది సార్?"

"ఇన్‌స్టలేషన్ కిందకే వస్తాది. పద్దెనిమిది శాతం."

"అయితే ఏసేవాళ్ళు ఏస్తారు, ఏయనోళ్ళు ఏయరు సార్. నేనొక్కన్ని ఏస్తే పక్కోడు 'నేను ఫ్రీగా పెడతా' అని గిరాకీ ఎత్తకపోతాడు."

దానికి నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు. పక్కోడు పెట్టేది ఏ పాస్‌వర్డో మాత్రం ఇద్దరికీ తెలుసు.